సర్వర్ మూసేయాలా, మోస్తూనే ఉండాలా?

చూపులేనివారి కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఒక స్వచ్ఛంద బృందం నుంచి ఒక సోదరి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. తనను గానీ, బృందాన్ని గానీ గుర్తుపట్టే వీలు లేకుండా ప్రచురించమని కోరారు కనుక అందులోని ముఖ్యమైన విషయాలను నా మాటల్లో ఇస్తున్నాను.

ఆమె ఉద్యోగరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. బృందంలో చదివేవారు, చదివినదాన్ని విని సరిదిద్దేవారు, శ్రోతలు కలిపి దాదాపు అరవై మంది ఉన్నారు. నాలుగేళ్ల క్రితం వరకు వారి రికార్డింగులు, శ్రోతల జాబితాలు, పని పంపకాల పట్టికలు అన్నీ ఒక పెద్ద సంస్థ ఉచితంగా ఇచ్చే ఖాతాలో ఉండేవి. నిబంధనలు ఉల్లంఘించారన్న ఒక్క వాక్యంతో ఒకనాడు ఆ ఖాతా నిలిచిపోయింది. ఏ నిబంధనను, ఎవరు, ఎలా ఉల్లంఘించారో అడుగుదామంటే జవాబు చెప్పే మనిషి దొరకలేదు. పదకొండు రోజుల తర్వాత, మూసినప్పుడు చెప్పనట్టే తెరిచినప్పుడూ ఏ కారణమూ చెప్పకుండా దాన్ని తిరిగి తెరిచారు. ఇంకెప్పుడూ ఈ పరిస్థితి రాకూడదని ఆమె పట్టుబట్టి, ఒక సర్వర్ (ఇంటర్నెట్‌లో ఎప్పుడూ నడుస్తూ ఉండే కంప్యూటర్) అద్దెకు తీసుకుని, ఫైళ్లకూ క్యాలెండర్లకూ నెక్స్ట్‌క్లౌడ్, మాటామంతీకి మ్యాట్రిక్స్, సమావేశాలకు జిట్సీ ఏర్పాటు చేశారు. తన పేరిట ఒక డొమైన్ (ఇంటర్నెట్‌లో చిరునామాగా వాడే పేరు) కొని, బృంద సభ్యులకు ఆ పేరుతోనే ఈమెయిల్ చిరునామాలు కూడా ఇచ్చారు. ఖర్చంతా తనదే. మొదటి ఏడాది అందరూ మెచ్చుకున్నారు.

ఆ తర్వాత పరిస్థితి మారింది. సభ్యులు ఆమెకు చెప్పకుండా వాట్సాప్‌లో మరో గ్రూపు పెట్టుకున్నారు. సర్వర్‌లోని చాట్ యాప్, తెరమీది అక్షరాలను చదివి వినిపించే తమ స్క్రీన్ రీడర్‌తో సరిగా పనిచేయడం లేదని చూపులేని సభ్యులు కొందరు చెప్పారట గానీ ఆ మాట ఆమెదాకా చేరలేదు. ఇప్పుడు పని గురించిన మాటలు సగం అక్కడే జరుగుతున్నాయి. శ్రోతల ఫోన్ నంబర్లు కూడా అక్కడే చేతులు మారుతున్నాయి. అమ్మగారికి ఆపరేషన్ జరిగి ఆమె ఆసుపత్రిలో ఉన్న వారంలోనే సర్వర్ డిస్కు పాడైంది. బ్యాకప్ కొన్నాళ్లుగా ఆగిపోయి ఉందని అప్పుడు గానీ తెలియలేదు. ఒక పెద్దావిడ చదివిన నవల రికార్డింగులు చాలావరకు పోయాయి. ఆవిడ అప్పటి నుంచి మాట్లాడటం మానేశారు. ఇవి చాలవన్నట్టు, కొత్తగా చేరిన సభ్యుడొకరు అందరి ముందూ "మేము రాసుకునేవి మీరు చదవగలరా?" అని అడిగారు. "నేను అలాంటిదాన్ని కాను" అని కోపంగా జవాబిచ్చి, ఇప్పుడు బాధపడుతున్నారు. మళ్లీ పెద్ద సంస్థ దగ్గరికే పోదామని ఒక యువకుడు ప్రతిపాదించాడు. ఇది రెండో ఉద్యోగమైపోయిందని భర్త అంటున్నారు. బృందాన్ని స్థాపించిన మాస్టారు మాత్రం ఒకే మాట అడిగారు: "అమ్మా, నువ్వు లేని రోజున మేమేం చేయాలి?"

"సర్వర్ మూసేస్తే నేను నమ్మినదాన్ని వదిలేసినదాన్ని అవుతాను. మోస్తూ ఉంటే నేనే విరిగిపోతాను. ఏం చేయమంటారు?" అని ఆమె అడుగుతున్నారు.

*

మీరు ఉత్తరం చివర వేసిన ప్రశ్న కన్నా మాస్టారు వేసిన ప్రశ్న ముఖ్యమైనది. ఆ మాటను మీరు నిందగా తీసుకున్నట్టు ఉత్తరంలో కనిపిస్తోంది. నాకు అది నిందగా వినిపించలేదు. మీ మీద ఉన్న ఆపేక్షతోనూ, బృందం భవిష్యత్తు మీద ఉన్న చింతతోనూ ఆయన అడిగినట్టున్నారు. మిగతా విషయాలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి.

నాలుగేళ్ల క్రితం మీరు తీసుకున్న నిర్ణయం సరైనదేనని మొదట చెప్పాలి. కారణం చెప్పకుండా పదకొండు రోజులు తలుపు మూసేయగలిగిన చోట, అరవై మంది చెమటోడ్చి చేసిన పనిని ఒకే ఒక్క ప్రతిగా ఉంచడం ప్రమాదమని మీరు సరిగ్గానే గ్రహించారు. అయితే ఆ ప్రమాదాన్ని తొలగించే క్రమంలో మరొకటి జరిగింది. అప్పట్లో బృందం మొత్తం ఒక సంస్థ మీద ఆధారపడి ఉండేది. ఇప్పుడు ఒక మనిషి మీద ఆధారపడి ఉంది. ఆ సంస్థకు లేని మంచితనం, జవాబుదారీతనం మీకు ఉన్నాయి, నిజమే. కానీ ఆ సంస్థకు జబ్బు చేయదు, దాని తల్లికి ఆపరేషన్ జరగదు, దానికి నిద్ర అక్కరలేదు. మీకు ఇవన్నీ ఉన్నాయి. ఉండటం మీ లోపం కాదు. వాటికి చోటివ్వని ఏర్పాటుదే లోపం.

మీరు నమ్మిన సూత్రం, అంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ ఉద్యమానికి ఆద్యుడైన అమెరికన్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించి, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను స్థాపించారు. ఆ ఉద్యమం కోరేవి నాలుగు స్వేచ్ఛలు: ప్రోగ్రామును ఏ పనికైనా నడుపుకోవడం, అది ఎలా పనిచేస్తుందో చదివి తెలుసుకుని మార్చుకోవడం, ఇతరులతో పంచుకోవడం, మార్చినదాన్ని కూడా పంచుకోవడం. దాన్ని ఎవరికి వారే, తమ ఇంట్లోనే, ఒంటరిగా, రాత్రింబవళ్లు కాపలా కాస్తూ నడపాలన్న షరతు వీటిలో ఎక్కడా లేదు. మీరు వాడుతున్న నెక్స్ట్‌క్లౌడ్‌నే రేపు మరొకరు మీ కోసం నడిపినా ఆ నాలుగు స్వేచ్ఛలూ చెక్కుచెదరవు. సాఫ్ట్‌వేర్ మీద హక్కు వేరు, దాన్ని నడిపే చాకిరీ వేరు. ఈ రెండూ కలిసిపోయినందువల్లే, సర్వర్ ఆపాలన్న ఆలోచన రాగానే మీకు నమ్మకాన్ని వదులుకుంటున్నట్టు అనిపిస్తోంది.

ఒంటరి చాకిరీ ఎంత దూరం తీసుకుపోగలదో తెలియాలంటే 2024లో ఎక్స్‌జెడ్ విషయంలో జరిగింది గుర్తు చేసుకోవాలి. మీ వృత్తి రీత్యా మీకు తెలిసే ఉంటుంది గానీ మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే ఒక చిన్న సాధనం. సర్వర్లలో ఎక్కువగా వాడే ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ నడిచే దాదాపు అన్ని వ్యవస్థల్లోనూ ఉంటుంది. దాన్ని చాలా ఏళ్లపాటు ఒకే వ్యక్తి జీతం భత్యం లేకుండా, తీరిక వేళల్లో చూసుకున్నారు. పని ఆలస్యమవుతోందని తెలియని పేర్లతో ఒత్తిడి ఉత్తరాలు వచ్చాయి. తన మానసిక ఆరోగ్యం బాగా లేదని, ఇది జీతం వచ్చే పని కాదని ఆయన బహిరంగంగానే రాశారు. ఆ సమయంలో జియా టాన్ అన్న పేరుతో ఒకరు సాయానికి వచ్చారు. రెండేళ్లకు పైగా ఓపికగా, మంచి పనే చేసి, నమ్మకం సంపాదించి, చివరికి నిర్వహణలో భాగం తీసుకున్నారు. ఆ తర్వాత 2024 తొలి నెలల్లో విడుదలైన రెండు వెర్షన్లలో, ప్రపంచంలోని సర్వర్లలోకి దొంగచాటుగా చొరబడే దారిని అమర్చారు. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి మామూలు కన్నా అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీసి, మార్చి 29న బయటపెట్టబట్టి గానీ, అది మరెంతో దూరం పాకేది.

ఆ నిర్వాహకుడిని ఎవరూ తప్పుపట్టలేరు, నేనూ పట్టను. అలసిపోయిన మనిషికి సాయం చేస్తామన్నవారు దేవుళ్లలా కనిపిస్తారు. వచ్చినవారెవరో నిదానంగా చూసుకునే ఓపిక అప్పుడు మిగలదు. మీ బృందం మీద ఎవరో కుట్ర పన్నుతారని దీని అర్థం కాదు. అలసట అనేది మీ ఒక్కరి ఆరోగ్యానికి సంబంధించిన విషయంగా మాత్రమే మిగలదని, అది నేరుగా అందరి భద్రతకూ సంబంధించిన విషయమని నా ఉద్దేశం. మీ బ్యాకప్ ఆగిపోయిన సంగతి మీకు తెలియకపోవడానికి కారణం అజ్ఞానం కాదు. అది సరిగా నడుస్తోందా అని చూసే రెండో మనిషి లేకపోవడమే కారణం.

ఇక ఆ కొత్త సభ్యుడి ప్రశ్న. మీ నడవడిని శంకించినట్టు మీకు అనిపించింది. అందరి ముందు అడగడం వల్ల మరింత నొచ్చుకుని ఉంటారు. కానీ గోప్యత గురించి ఎవరైనా అడగవలసిన మొట్టమొదటి ప్రశ్న అదే, అతను సరైన ప్రశ్నే అడిగాడు. నాలుగేళ్లలో ఇంకెవరూ అడగకపోవడమే నాకు ఆశ్చర్యం కలిగించింది. "అలాంటిదాన్ని కాను" అని మీరు ఇచ్చిన జవాబు మీ సంకల్పాన్ని చెప్పింది. "చదవగలరా" అన్న అతని ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. దానికి నిజమైన జవాబు వేర్వేరు సేవలకు వేర్వేరుగా ఉంటుంది. అది ఇలా ఉంటుందని వివరంగా రాసి అందరికీ పంపండి.

మ్యాట్రిక్స్‌లో ఎన్‌క్రిప్షన్ (తాళంచెవి ఉన్నవారు తప్ప ఎవరూ చదవలేని రహస్యలిపి) పెట్టిన గదుల్లోని మాటలను సర్వర్ నడిపేవారు చదవలేరు, కానీ ఏ గదిలో ఎవరున్నారు, ఎవరు ఎప్పుడు సందేశం పంపారు అన్నది చూడగలరు. ఎన్‌క్రిప్షన్ పెట్టని గదులైతే అంతా చదవగలరు. జిట్సీలో ఇద్దరికి మించి మాట్లాడుకుంటున్నప్పుడు, మొదటి నుంచి చివరిదాకా ఎన్‌క్రిప్షన్ ఉంచే సదుపాయాన్ని ప్రత్యేకంగా ఆన్ చేస్తే తప్ప, మాటలకూ దృశ్యాలకూ ఉన్న ఎన్‌క్రిప్షన్ సర్వర్ దగ్గర విడిపడి మళ్లీ ముడిపడుతుంది. కనుక సర్వర్ చేతిలో ఉన్నవారికి వినే అవకాశం సాంకేతికంగా ఉంటుంది. నెక్స్ట్‌క్లౌడ్‌లోని ఫైళ్లు మామూలు ఏర్పాటులో సర్వర్ నిర్వాహకులకు పూర్తిగా అందుబాటులో ఉంటాయి. సర్వర్ వైపు ఎన్‌క్రిప్షన్ పెట్టినా, తాళంచెవి కూడా అదే సర్వర్‌లో ఉంటే నిర్వాహకుల విషయంలో తేడా ఏమీ రాదు. కొన్ని ఫోల్డర్లను వాడేవారి దగ్గరే ఎన్‌క్రిప్ట్ చేసే సదుపాయం ఉంది గానీ, అప్పుడు వాటిని పంచుకోవడం కష్టమవుతుంది, తాళంచెవి పోతే ఫైలూ పోతుంది.

దీనికి తోడు ఇంకో విషయం ఉంది. ఇది చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పదు. పెద్ద సంస్థలో పనిచేసే ఎవరో అపరిచితుడికి మీ శ్రోత ఎవరో తెలియదు. మీకు తెలుసు. ఏ శ్రోత ఏ పుస్తకం అడిగారు, ఎవరి కంటిచూపు ఎంత తగ్గింది, ఎవరికి ఎవరితో మాట పట్టింపు ఉంది, ఇవన్నీ మీరు చూడగలిగిన చోట ఉన్నాయి. చిన్న సమాజాల్లో పరిచయస్తుల కంటపడటమే మనుషులను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. సమూహాలు తమ సర్వర్లు తామే నడుపుకోవాలని కోరే మనలాంటివారు ఈ సంగతిని దాటవేస్తూ వచ్చామని నా అభిప్రాయం. తాళంచెవి పొరుగింటివారి దగ్గర ఉన్నప్పుడు, వారు మంచివారేనన్న భరోసాతో పాటు, ఆ తాళంచెవి ఎప్పుడు ఎందుకు వాడతారన్న మాట కూడా ముందే అనుకుని ఉండాలి. కనుక మీరు అందరికీ పంపే లేఖలో సాంకేతిక వివరాలతో పాటు, నిర్వాహకులు ఏ సందర్భంలో ఫైళ్లు తెరుస్తారు, తెరిచినప్పుడు ఎవరికి చెబుతారు అన్నది కూడా రాయండి. ఆ కొత్త సభ్యుడికి విడిగా ఒక మాట, "మీరు అడిగింది సరైన ప్రశ్న, జవాబు ఇది" అని చెబితే చాలు. క్షమాపణ కోసం పెద్ద ప్రయత్నం అక్కరలేదు. అంత సూటిగా అడిగిన ఆ మనిషే, రేపు మీకు రెండో నిర్వాహకుడు కావడానికి తగినవాడేమో కూడా గమనించండి.

వాట్సాప్ గ్రూపు విషయంలో మీ బాధ అర్థమవుతోంది. మీ వెనక పెట్టుకోవడం బాధ కలిగించేదే. కానీ కారణం వింటే మనసు కొంత కుదుటపడుతుంది. చూపులేనివారి కోసం పనిచేసే బృందంలో, చూపులేనివారు వాడలేని చాట్ యాప్ నడుస్తోంది. వారు వాడగలిగిన చోటికి వెళ్లారు. అందులో ద్రోహం లేదు. ఆ ఇబ్బందిని మీతో చెప్పడానికి వారెందుకు జంకారన్నదే ఆలోచించవలసిన విషయం. ఇంత కష్టపడి, సొంత డబ్బుతో, నిద్ర మానుకుని చేస్తున్నారని తెలిసినప్పుడు, "ఇది మాకు పనికిరావడం లేదమ్మా" అనడానికి ఎవరికైనా నోరు రాదు. మీ త్యాగమే వారి నోరు కట్టేసి ఉండవచ్చు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు అంధులను పట్టించుకోవడం చేతకాదని మీరు గానీ, వారు గానీ అనుకోవలసిన పని లేదు. మీ సభ్యుల్లో కొందరైనా కంప్యూటర్‌లో వాడుతున్న ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. ఖరీదైన స్క్రీన్ రీడర్లు కొనలేనివారికీ కంప్యూటర్ అందాలని 2006లో దాన్ని మొదలుపెట్టిన మైఖేల్ కరన్, ఆయనతో చేయి కలిపిన జేమ్స్ టే ఇద్దరూ చూపులేనివారే. అవసరమున్నవారి చేతుల్లోనే తయారైనందువల్ల అది వారికి అమరింది. మీరు మీ బృందానికి సాధనాలు ఎంచినప్పుడు ఆ మెట్టు దాటిపోయింది. ఇకమీదట ఏ యాప్ ఎంచుకున్నా, మొదట ఇద్దరు ముగ్గురు చూపులేని సభ్యుల చేతికిచ్చి వాడి చూడమని, వారు సరేనన్నాకే మిగతావారికి చెప్పండి.

అయితే ఆ గ్రూపులో నిజమైన ప్రమాదం ఒకటి ఉంది. దాన్ని మాత్రం చూసీ చూడనట్టు వదలకూడదు. వాట్సాప్‌లో సందేశాల సారం 2016 నుంచీ పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప మధ్యలో ఎవరికీ కనిపించదు. ఆ ఎన్‌క్రిప్షన్‌కు ఆధారం సిగ్నల్ అనే మరో సందేశాల యాప్ వారు రూపొందించిన పద్ధతే. కానీ ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడుతున్నారన్నది సంస్థకు తెలుస్తుంది. గ్రూపులో ఉన్నవారి నంబర్లు సాధారణంగా మిగతావారందరికీ కనిపిస్తాయి. ఫోన్ నుంచి క్లౌడ్‌కు పోయే బ్యాకప్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే సదుపాయం 2021లో వచ్చింది గానీ, ఎవరికి వారు ఆన్ చేసుకుంటేనే పనిచేస్తుంది. రేపటి రికార్డింగు ఎన్ని గంటలకన్న మాట అక్కడ నడిస్తే వచ్చే నష్టం తక్కువ. ఒక శ్రోత పేరు, ఫోన్ నంబరు, చిరునామా, ఆమె ఒంటరిగా ఉంటారన్న సంగతి, ఆమెకు చూపులేదన్న సంగతి ఒకే పట్టికలో అరవై ఫోన్లలోకి వెళితే, అందులో ఒక్క ఫోన్ పోయినా జరిగే హాని ఆ శ్రోతకు జరుగుతుంది. ఆమెను ఎవరూ అడగనైనా లేదు. మీరు ఒక్క విషయంలోనే గట్టిగా నిలబడదలిస్తే, దీని దగ్గర నిలబడండి: శ్రోతల జాబితా ఏ చాట్‌లోనూ తిరగకూడదు, అవసరమైన ఇద్దరు ముగ్గురి దగ్గరే ఉండాలి, అవసరం తీరిన వివరాలను చెరిపేయాలి. మిగతా మాటల కోసం ఎవరు ఏ యాప్ వాడుకుంటున్నారన్న పంతం వదిలేస్తే మీకూ వారికీ మేలు.

సిగ్నల్ గురించి అడిగేవారు ఉంటారు కనుక చెబుతున్నాను. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది, ప్రోగ్రాము అందరికీ చూడటానికి అందుబాటులో ఉంది, 2024 నుంచి యూజర్‌నేమ్‌లు వచ్చాయి కనుక కొత్తవారికి ఫోన్ నంబరు ఇవ్వకుండానే మాట్లాడవచ్చు. ఖాతా తెరవడానికి మాత్రం ఇప్పటికీ నంబరు కావాలి. పైగా అది కూడా ఒకే సంస్థ చేతిలో ఉన్న ఒకే సేవ. మ్యాట్రిక్స్‌లా వేర్వేరు సర్వర్లు కలిసి నడిచే ఏర్పాటు అందులో లేదు. మీ చూపులేని సభ్యులకు నచ్చితే చాట్‌ను అక్కడికి మార్చడం వల్ల మీ భారం ఒక్కసారిగా చాలా తగ్గుతుంది.

ఇప్పుడు సర్వర్ సంగతి. మీ ముందు నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. వీటిలో ఏదీ నష్టం లేనిది కాదు.

సర్వర్‌ను ఉంచుకుని, దాన్ని మీ ఒక్కరిది కాకుండా చేయడం మొదటిది. దీనికి ఏం కావాలో, వేర్వేరు సర్వర్లు కలిసి నడిపే సోషల్ నెట్‌వర్క్ అయిన మాస్టోడాన్ ప్రాజెక్టు తన సర్వర్ల ఒప్పందంలో చక్కగా చెప్పింది. కొత్తవారికి తాము సూచించే సర్వర్లు రోజూ బ్యాకప్ తీయాలని, నిర్వాహకులు కాక కనీసం మరొకరికి అత్యవసర ప్రవేశం ఉండాలని, మూసేయాల్సి వస్తే మూడు నెలల ముందే చెప్పాలని అది కోరుతుంది. మీది మాస్టోడాన్ కాకపోయినా ఈ మూడూ మీకు అచ్చంగా సరిపోతాయి. పాస్‌వర్డులు ఎక్కడున్నాయి, అద్దె ఎప్పుడు కట్టాలి, సర్వర్ ఆగితే మొదట ఏం చూడాలి అన్నవి మీరు పక్కన లేకుండా మరొకరు చదివి చేయగలిగేలా రాసి పెట్టాలి. బ్యాకప్ తీశామని ఊరుకోకుండా, అప్పుడప్పుడూ దాని నుంచి కొన్ని ఫైళ్లు తిరిగి తెచ్చి, విని చూడాలి. ఇద్దరు ముగ్గురికి ఇదంతా నేర్పడానికి మొదటి కొన్ని నెలలు మీ పని తగ్గకపోగా పెరుగుతుందని ముందే తెలిసి ఉండాలి. అందరూ మంచి ఆలోచన అని మెచ్చుకుని, బాధ్యత తీసుకోవడానికి ఒక్కరూ ముందుకు రాకపోతే, ఈ దారి మూసుకుపోయినట్టే. దాన్ని మీ మీద అభిమానం లేకపోవడంగా భావించకండి. పుస్తకాలు చదవడానికి చేరినవారికి సర్వర్ నడపాలన్న ఆసక్తి ఉండితీరాలని లేదు.

ఇదే సాఫ్ట్‌వేర్‌ను వృత్తిగానో, సంఘంగానో నడిపేవారికి అప్పగించడం రెండోది. నెక్స్ట్‌క్లౌడ్‌ను రుసుము తీసుకుని నడిపే చిన్న సంస్థలు, విరాళాల మీద నడిపే సంఘాలు చాలాచోట్ల ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని ఫ్రామాసాఫ్ట్ అనే సంఘం అనుభవం ఈ సందర్భంలో మీకు ధైర్యం ఇస్తుంది. పెద్ద సంస్థల సేవలకు ప్రత్యామ్నాయాలు అందిస్తామని వారు 2014లో ప్రచారం మొదలుపెట్టి, అనేక సేవలను అందరికీ తెరిచారు. జనం తండోపతండాలుగా వచ్చారు. అందరూ తమ దగ్గరికే రావడం తాము కోరినదానికి విరుద్ధమని గ్రహించి, 2016లో షాటాన్ అనే పేరుతో చిన్న చిన్న నిర్వాహక సంఘాల సమాఖ్యకు శ్రీకారం చుట్టారు. 2019లో తమ సేవల్లో చాలావాటిని క్రమంగా మూసేసి, వాడుకరులను ఇతర సంఘాల వైపు పంపుతామని ప్రకటించారు. ఇంత పేరున్న సంఘమే తన శక్తికి హద్దు గీసుకుని, ముందుగా చెప్పి, దారి చూపించి సేవలు ఆపగలిగింది. దాన్ని ఓటమి అనలేం. ఈ దారిలో కూడా మీ ఫైళ్లను చూడగల నిర్వాహకులు ఉంటారు, వారు మీకు అపరిచితులు, డబ్బు నెలనెలా కట్టాలి, ఆ సంఘం కూడా ఒకనాడు మూతపడవచ్చు. కానీ అప్పుడు కూడా ఫైళ్లు ఫైళ్లుగానే, క్యాలెండర్లూ చిరునామాలూ అందరికీ తెలిసిన ఫార్మాట్లలోనే తీసుకుని, మరొక నెక్స్ట్‌క్లౌడ్‌కు వెళ్లిపోగలరు.

మూడోది ఆ యువకుడు అన్నట్టు పెద్ద సంస్థ దగ్గరికి తిరిగి వెళ్లడం. దీన్ని మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంతో కొట్టిపారేశారు. నేను అంత తేలిగ్గా కొట్టిపారేయలేను. రాత్రి కాపలా పోతుంది, స్క్రీన్ రీడర్‌తో పనిచేసే యాప్‌లు దొరుకుతాయి, నేర్పే శ్రమ ఉండదు. కానీ నాలుగేళ్ల క్రితం జరిగింది మళ్లీ జరగదన్న హామీ ఎవరూ ఇవ్వరు. అందుకే వెళితే రెండు జాగ్రత్తలతో వెళ్లాలి. ప్రతి రికార్డింగుకు పూర్తి ప్రతి ఒకటి ఎప్పుడూ బృందం చేతిలోనే, కనీసం ఇద్దరి ఇళ్లలోని డిస్కుల్లో ఉండాలి. శ్రోతల జాబితా లాంటివి క్రిప్టోమేటర్ వంటి స్వేచ్ఛా సాధనంతో ఎన్‌క్రిప్ట్ చేసిన తర్వాతే అక్కడ పెట్టాలి. అలా చేస్తే ఆ ఖాతా మూతపడినా పని ఆగదు. ఆధారపడటం ఎంతవరకన్నది మీ చేతిలో ఉంటుంది.

నా మొగ్గు అడిగితే, చాట్‌ను మీ సర్వర్ నుంచి ఇప్పుడే తీసేసి, ఫైళ్లను మరొకరు నడిపే నెక్స్ట్‌క్లౌడ్‌కు మార్చి, రికార్డింగుల ప్రతులు మాత్రం ఇద్దరు సభ్యుల ఇళ్లలో ఉంచే ఏర్పాటు వైపు ఉంది. కానీ ఇది నా నిర్ణయమూ కాదు, మీ నిర్ణయమూ కాదు. నాలుగేళ్ల క్రితం బృందం తరఫున మీరు నిర్ణయించారు, అప్పుడు సమయం లేదు, ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఈసారి సమయం ఉంది. ఈ మూడు దారులనూ, ఒక్కోదానికి అయ్యే ఖర్చునూ, కావలసిన మనుషులనూ రాసి అందరి ముందు పెట్టండి. మీరు ఇప్పటిదాకా సొంతంగా భరించిన అద్దె ఎంతో కూడా అందులో చెప్పండి. దెప్పడానికని కాదు, అది తెలియకుండా వారు సరైన నిర్ణయం తీసుకోలేరు గనక. వారు ఎంచుకున్నది మీకు నచ్చకపోతే, నచ్చలేదని చెప్పే హక్కు మీకుంది. మోయడానికి ఒప్పుకోకుండా ఉండే హక్కూ ఉంది.

మీవారి మాట గురించి కొద్దిగా. రెండో ఉద్యోగం అన్నది ఫిర్యాదుగా కనిపిస్తున్నా, అందులో లెక్క తప్పలేదు. ఆయనతో వాదించకుండా, ఫలానా తేదీ నుంచి రాత్రి పది దాటాక సర్వర్ వైపు చూడనని చెప్పి, అదే మాట బృందానికీ రాసి పంపండి. రాత్రి సర్వర్ ఆగిపోతే తెల్లవారే దాకా ఆగి ఉంటుంది. అంతవరకు ఎవరి ప్రాణమూ పోదు.

రికార్డింగులు పోయిన పెద్దావిడ దగ్గరికి మాత్రం సందేశం పంపకండి, ఫోన్ కూడా వద్దు, వీలైతే స్వయంగా వెళ్లండి. ఆవిడ నెలల తరబడి గొంతు అరగదీసుకుని చేసిన పని అది. డిస్కు ఎలా పాడైందో, మీరు ఆసుపత్రిలో ఉన్నారన్న సంగతి ఏమిటో మొదటే చెబితే సంజాయిషీలా వినిపిస్తుంది. పోయిందని, ఆ నష్టం ఆవిడదేనని ఒప్పుకుని ఊరుకోండి, మిగతాది ఆవిడ అడిగితే చెప్పవచ్చు. వెళ్లేముందు ఒక ప్రయత్నం చేయండి. సరిదిద్దడానికి ఆ భాగాలను దించుకున్న సభ్యుల ఫోన్లలో, నెక్స్ట్‌క్లౌడ్ యాప్ తమ కంప్యూటర్‌కు తెచ్చిపెట్టిన ఫోల్డర్లలో, ముందే విన్న శ్రోతల దగ్గర కొన్ని ప్రతులు మిగిలి ఉండే అవకాశం బాగా ఉంది. ఒక్కొక్కరినీ అడిగి, దొరికినన్ని పోగుచేసి, ఏయే అధ్యాయాలు ఉన్నాయో, ఏవి లేవో జాబితా రాసుకుని తీసుకెళ్లండి.

చివరగా ఒక పని. దీన్ని అందరూ మరిచిపోతారు. మీ పేరిట ఉన్న డొమైన్‌ను బృందం పేరిటకు, లేదా మాస్టారితో పాటు మరొకరు కూడా తెరవగలిగే ఖాతాకు మార్పించండి. ఏ దారి ఎంచుకున్నా, సర్వర్ ఆపేసినా, దాని రుసుము కట్టడం మాత్రం వెంటనే మానకండి. గడువు దాటి వదిలేసిన పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవారికి మీ సభ్యుల పాత చిరునామాలకు వచ్చే ఈమెయిల్ అంతా అందుతుంది, పాస్‌వర్డు మార్చుకునే లింకులతో సహా. ఆ చిరునామాలతో ఎవరెవరు ఎక్కడెక్కడ ఖాతాలు తెరిచారో ఇప్పటి నుంచే కనుక్కోండి. బ్యాంకు, ఆసుపత్రి ఖాతాలు ఉన్నవారితో ముందుగా మార్పించండి. చూపులేని సభ్యులకు పక్కన కూర్చుని సాయం చేయడానికి ఒకరిని కేటాయించండి. చివరి సభ్యుడు కూడా మారాడని రూఢి చేసుకున్నాక మరో రెండు మూడేళ్లు ఆ పేరును అలాగే ఉంచండి.